ప్రభుత్వాన్ని తగ్గించడమా, దాని పక్కనే వేరే దారి వేయడమా: మన జిల్లాల అనుభవం ఏమి చెబుతోంది?

ప్రశ్న: పెన్నా ఒడ్డు (నెల్లూరు)

అందరికీ నమస్కారం. నెల్లూరులో మేము కొందరం నెలకొకసారి కలుసుకొని ఆర్థిక విషయాల మీద చర్చించుకుంటూ ఉంటాము. ప్రభుత్వ పరిధిని తగ్గించి, ఆ స్థానంలో మార్కెట్ ఏర్పాట్లను పెంచడానికి స్వేచ్ఛావాదులు, అంటే లిబర్టేరియన్లు, సూచించిన వ్యూహాల గురించి రాబోయే సమావేశంలో ప్రసంగించే బాధ్యత నాకు అప్పగించారు. ఆ సిద్ధాంతం మంచిదా చెడ్డదా అన్నది ఇక్కడ నా ప్రశ్న కాదు. ప్రభుత్వం మోయవలసిన దానికంటే ఎక్కువ పనులు నెత్తిన వేసుకున్నదని నమ్మే మనిషి, ఈ ప్రాంతంలో ఉంటూ, ఏ దారిన నడిస్తే ఫలితం కనిపిస్తుందన్నదే ప్రశ్న.

నేను చదివినంతలో దారులు నాలుగైదు కనిపించాయి. మొదటిది భావాల దారి. మేధావుల ఆలోచన మారితే తప్ప రాజకీయం మారదని ఆర్థికవేత్త హయెక్ 1949లో ఒక వ్యాసంలో వాదించారు. ఎన్నికల్లోకి దిగాలనుకున్న బ్రిటిష్ వ్యాపారి ఆంటొనీ ఫిషర్‌కు కూడా అదే సలహా ఇచ్చారు, ఆ సలహా ఫలితంగానే 1955లో లండన్‌లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎకనామిక్ అఫైర్స్ అనే మేధోసంస్థ పుట్టింది. రెండవది ఎన్నికల దారి. ఇందులో మనకు సొంత చరిత్రే ఉంది: కాంగ్రెస్ నాగపూరు తీర్మానంలో సహకార వ్యవసాయాన్ని తలకెత్తుకున్న 1959లోనే రాజాజీ స్వతంత్ర పార్టీని స్థాపించారు, నిడుబ్రోలు రైతుబిడ్డ ఎన్.జి. రంగా దానికి తొలి అధ్యక్షులయ్యారు, 1967లో ఆ పార్టీ లోక్‌సభలో 44 స్థానాలు గెలిచింది, 1974కల్లా మరో పార్టీలో కలిసిపోయింది. ఈనాడు అటువంటి పార్టీని మళ్లీ పెట్టాలనుకున్నా, ప్రజాప్రాతినిధ్య చట్టం 29ఎ సెక్షన్ ప్రకారం సోషలిజానికి కట్టుబడి ఉంటామని నియమావళిలో రాసి ఇస్తేనే రిజిస్ట్రేషన్ దొరుకుతుంది.

మూడవది, పన్నులు తగ్గించి ఖజానాను ఎండగడితే ప్రభుత్వం దానంతట అదే చిక్కిపోతుందనే దారి. నాలుగవది, కెనడాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన శామ్యూల్ కాంకిన్ 1980లో ప్రతిపాదించిన దారి. అనుమతులనూ పన్నులనూ పట్టించుకోకుండా జనం తమలో తాము చేసుకునే వ్యాపారం పెరిగేకొద్దీ ప్రభుత్వం అనవసరమైపోతుందని ఆయన వాదం. స్వేచ్ఛావాదులు అమెరికాలో ఒకే రాష్ట్రానికి (తరువాత న్యూహాంప్‌షైర్‌ను ఎంచుకున్నారు) కాపురం మారాలని 2001లో మొదలైన ప్రయత్నం కూడా ఒకటి ఉన్నది గానీ, అది మనకు పనికివచ్చే సంగతి కాదు కనుక వదిలేస్తున్నాను.

నా సందేహం ఇది. మన జిల్లాలలో చదువు, వైద్యం, తాగునీరు చాలావరకు ఇప్పటికే ప్రైవేటు చేతుల్లోకి వెళ్లాయి. అయినా ప్రభుత్వం ఏ మాత్రం చిన్నది కాలేదు. ఫీజు రీయింబర్స్‌మెంటు మీద కళాశాలలు, 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ మీద ఆసుపత్రులు నడుస్తుంటే, వాటిని మార్కెట్ ప్రత్యామ్నాయాలని అనవచ్చునా? అనుభవం ఉన్న పెద్దలు తెలియజేయగలరు.

సమాధానం 1: ఒంగోలు పద్దులు

పెన్నా ఒడ్డు గారికి నమస్కారం. సహకార సంఘాల ఆడిట్ పనిలో ఉద్యోగ జీవితమంతా గడిపి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. మీరు లెక్కపెట్టిన దారులలో, మన రాష్ట్రంలో నిజంగా ఫలితమిచ్చిన దారి ఒకటి కనిపించలేదు. ఉన్న చట్టాన్ని రద్దు చేయమని అడగకుండా, దాని పక్కనే మరొక చట్టం తెప్పించి, ఇష్టమున్నవాళ్లు మొదటిదాని నుంచి బయటికి నడిచే వీలు కల్పించడమే ఆ దారి. 1995లో వచ్చిన పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం, మేము మ్యాక్స్ చట్టం అని పిలిచేది, అలా వచ్చినదే.

దాని విలువ తెలియాలంటే 1964 నాటి సహకార చట్టం కింద సంఘాలు ఎలా బతికాయో తెలియాలి. ఎన్నికైన పాలకవర్గాన్ని రిజిస్ట్రారు రద్దు చేయవచ్చు, దాని స్థానంలో పర్సన్ ఇన్‌చార్జి అనే అధికారిని కూర్చోబెట్టవచ్చు, ఎన్నికలు వాయిదా మీద వాయిదా వేయవచ్చు. ప్రభుత్వానికి వాటా ధనం ఉండటం వల్ల ఇవన్నీ న్యాయంగానే కనిపించేవి కూడా. నేను ఆడిట్‌కు వెళ్లిన పల్లెల్లో సభ్యులే తమ సంఘాన్ని గవర్నమెంటు సొసైటీ అని పిలిచేవారు, అందులో తీసుకున్న అప్పును గవర్నమెంటు అప్పు అనేవారు, అందుకు తగ్గట్టుగానే తీర్చేవారు.

1995 చట్టం ఈ పాత ఏర్పాటును ముట్టుకోలేదు. ప్రభుత్వ వాటా ధనం లేకుండా, సభ్యుల సొమ్ముతోనే నడవదలచిన సంఘం కొత్త చట్టం కింద నమోదు కావచ్చునని, పాత సంఘమైతే ప్రభుత్వ వాటాను తిరిగి చెల్లించి ఇటు రావచ్చునని మాత్రమే చెప్పింది. నియమావళి, ఎన్నికలు, ఆడిటర్ నియామకం సభ్యుల చేతిలోకి వచ్చాయి. దేశంలో ఈ రకమైన చట్టం చేసిన మొదటి రాష్ట్రం మనదే, ఆ తరువాత చాలా రాష్ట్రాలు దీనిని చూసి తమ తమ చట్టాలు చేసుకున్నాయి.

ఇది శాసనసభలో ఎందుకు నెగ్గిందో మీ సమావేశంలో వివరంగా చెప్పవలసి ఉంటుంది. ఒక ఏర్పాటు వల్ల లాభపడేవాళ్లు కొద్దిమందే అయినా అప్రమత్తంగా, ఒక్కతాటి మీద ఉంటారని, దానివల్ల తలా కొంచెం నష్టపోయేవాళ్లు లెక్కకు ఎందరున్నా చెదిరిపోయి ఉంటారని అమెరికన్ ఆర్థికవేత్త మాన్‌కుర్ ఓల్సన్ 1965లో వివరించారు. పాత చట్టాన్ని రద్దు చేయమంటే ఆ కొద్దిమందీ లేచి కూర్చునేవారు. కొత్త చట్టం ఎవరి కుర్చీనీ లాగలేదు కనుక ఎవరికీ నిద్ర చెడలేదు. బ్రిటన్‌లో 1980లో మున్సిపల్ ఇళ్లను అమ్మినప్పుడు, వాటిలో అద్దెకు ఉంటున్నవాళ్లకే తగ్గింపు ధరకు ఇచ్చి, వ్యతిరేకించవలసినవాళ్లనే లబ్ధిదారులుగా మార్చుకున్నారు. పద్ధతి వేరైనా లెక్క ఒక్కటే. స్వతంత్ర పార్టీ ఈ లెక్క వేయలేదని నా అభిప్రాయం. లైసెన్సు పర్మిటు రాజ్యం కూలాలని రాజాజీ చెప్పినదంతా నిజమే, కానీ అది కూలితే తన ఇంటికి ఏమి వస్తుందో మామూలు ఓటరుకు కనిపించలేదు. చివరికి ఆ పని 1991 జూలైలో, విదేశీ మారకపు సంక్షోభంలో, కాంగ్రెస్ ప్రధాని పి.వి. నరసింహారావు చేతనే జరిగింది.

తరువాత వచ్చిన ప్రభుత్వం ఈ తలుపును మూయాలని చూసింది. 2006లో ఒక సవరణ తెచ్చి, పాల సంఘాలను కొత్త చట్టం నుంచి వెనక్కు లాగి 1964 చట్టం కిందికి చేర్చారు. ఆ సవరణను హైకోర్టు కొట్టివేసింది, 2011లో సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించింది. బయటికి వెళ్లే హక్కును చట్టంలో రాయించుకొని ఉండకపోతే ఆ పోరాటానికి కాళ్లు ఉండేవే కావు.

ఇక మీ అసలు సందేహానికి వస్తాను. సారా వ్యతిరేక ఉద్యమం తరువాత మీ నెల్లూరు జిల్లాలోనే ఆడవాళ్లు రోజుకొక రూపాయి చొప్పున దాచుకొని పొదుపు సంఘాలు కట్టుకున్నారు. బయటి సొమ్ము లేదు, హామీ పత్రాలు లేవు, వడ్డీ ఎంతన్నది వాళ్లే నిర్ణయించుకున్నారు. ఇంతకంటే శుద్ధమైన ప్రత్యామ్నాయ ఆర్థిక సంస్థను ఏ స్వేచ్ఛావాది ఊహించగలడు? తరువాత ఒకదాని వెంట ఒకటిగా రివాల్వింగ్ ఫండు, బ్యాంకు అనుసంధానం, పావలా వడ్డీ, సున్నా వడ్డీ వచ్చాయి, 2014 ఎన్నికలనాటికి డ్వాక్రా రుణాల మాఫీ వాగ్దానం కూడా వచ్చింది. విచిత్రమేమిటంటే మండల సమాఖ్యలు నమోదైనది కూడా ఈ 1995 చట్టం కిందనే. కాగితం మీద అవి ఎవరికీ లోబడనివి. సమావేశంలో ఏమి మాట్లాడాలో మాత్రం పై నుంచి వచ్చిన సర్క్యులరు చెబుతుంది. పేద మహిళకు తక్కువ వడ్డీకి అప్పు దొరకడం తప్పని నేను అనడం లేదు. ఆ సంఘాలు ఎవరివన్న విషయం మారిపోయిందని మాత్రమే అంటున్నాను. కాబట్టి ఒక ఏర్పాటు మార్కెట్‌దా కాదా అని తేల్చడానికి దాని యజమాని ఎవరని అడిగితే చాలదు. ప్రభుత్వం డబ్బు ఇవ్వజూపినప్పుడు వద్దనగలిగే స్థితిలో ఉన్నదా అని అడగాలి. మీరు చెప్పిన కళాశాలలకూ ఆసుపత్రులకూ ఈ ప్రశ్న వేసి చూడండి.

సమాధానం 2: కొండపి బ్యారన్

పద్దులు గారు చెప్పినది శ్రద్ధగా చదివాను. సంఘాల విషయంలో ఆయన మాట కాదనను. అయితే పొగాకు పండించేవాడిగా నాకు ఈ చర్చలో ఒక లోపం కనిపిస్తోంది. బయటికి వెళ్లే దారి గురించి అందరూ మాట్లాడుతున్నారు, బయట కొనేవాళ్లు ఎంతమంది ఉన్నారని ఎవరూ అడగడం లేదు.

మా ప్రాంతంలో రెండు రకాల పొగాకు పక్కపక్కనే పండుతుంది. వర్జీనియా పొగాకు పూర్తిగా బోర్డు నీడలో ఉంటుంది. 1975 చట్టం ప్రకారం 1976 జనవరిలో ఏర్పడిన పొగాకు బోర్డు ఏటా ఎంత పంట వేయాలో నిర్ణయిస్తుంది, రైతును, ఆకు కాల్చే బ్యారన్‌ను నమోదు చేస్తుంది, ఒంగోలు, టంగుటూరు, కందుకూరు, పొదిలి, మీ వైపు డి.సి.పల్లి, కలిగిరి వంటి వేలం కేంద్రాలలో బేళ్లు అమ్మిస్తుంది. బర్లీ పొగాకుకు ఇవేవీ లేవు. కంపెనీలు, వ్యాపారులు నేరుగా పల్లెకు వచ్చి కొంటారు. స్వేచ్ఛావాది కోరుకునే ఏర్పాటు పుస్తకంలో ఉన్నట్టుగా బర్లీలోనే ఉన్నది.

బోర్డు ఏర్పాటులో లోపాలు లేవని నేను అనను. లైసెన్సున్న బ్యారన్‌ను సొంతంగా పంట వేయని యజమాని అద్దెకిస్తాడు, లైసెన్సు లేని రైతు ఆ అద్దె చెల్లించి పండిస్తాడు. అంటే ప్రభుత్వం సృష్టించిన కొరతకు ప్రతి ఏడాదీ కష్టపడేవాడు కప్పం కడుతున్నాడు. కోటా దాటిన పంటకు జరిమానా, అది రద్దు చేయమని ప్రతి సీజనులో విజ్ఞాపనలు, ఎన్నికలు దగ్గరపడితే రద్దు. వేలంలో మంచి ఆకుకు పోటీ ఉంటుంది, లో గ్రేడు బేళ్లు నోబిడ్ అయి, అంటే ఎవరూ పాడక, ఇంటికి తిరిగి వస్తాయి. ఇంత చెప్పిన తరువాత కూడా, వేలం లేని రోజులను చూసిన మా పెద్దలు బోర్డును తీసేయమని అనలేదు. అప్పట్లో గ్రేడు చెప్పేది కొనేవాడే, తూకం వేసేది కొనేవాడే, డబ్బు ఎప్పుడిస్తాడో చెప్పేది కూడా అతనే.

2025లో ఏమి జరిగిందో అందరూ చూశారు. అంతకు ముందు ఏడాది బర్లీకి మంచి ధర పలికిందని రైతులు విస్తీర్ణం పెంచారు. పంట ఇంటికి వచ్చాక కంపెనీలు కొనుగోళ్లు నెమ్మదింపజేశాయి, ధర పడిపోయింది. పర్చూరు వైపు రైతులు రోడ్డెక్కారు, చివరకు రాష్ట్ర ప్రభుత్వం సహకార మార్కెటింగ్ సమాఖ్య అయిన మార్క్‌ఫెడ్ చేత కొనిపించవలసి వచ్చింది. 2020లో వర్జీనియా వేలంలోనూ మార్క్‌ఫెడ్ దిగింది కనుక ఇదేదో బర్లీకే పట్టిన దోషమని కూడా అనలేము.

ధర పడిపోవడం కూడా ఒక సమాచారమేనని, అది చూసి రైతు మరుసటి ఏడాది శనగ వేసుకుంటాడని సిద్ధాంతం చెబుతుంది. ఆ మాట నిజమే. కానీ కొనేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టదగినంతమంది ఉన్నప్పుడు ధరలో ఉండేది గిరాకీ సమాచారం ఒక్కటే కాదు. పద్దులు గారు ఓల్సన్ సూత్రాన్ని ప్రభుత్వానికి మాత్రమే వర్తింపజేశారు. కొద్దిమంది కొనుగోలుదారులు సులభంగా ఒక్కమాట మీద ఉంటారని, వేలమంది రైతులు ఉండలేరని చెప్పడానికి కూడా అదే సూత్రం పనికివస్తుంది. ప్రభుత్వం తప్పుకుంటే ఖాళీ అయ్యే చోటును ఎవరు ఆక్రమిస్తారో చెప్పని వ్యూహం నాకు సగం వ్యూహంగానే కనిపిస్తుంది.

సమాధానం 3: కలిగిరి పంతులు

ఖజానాను ఎండగట్టే దారి గురించి నాలుగు మాటలు రాస్తాను, ఎందుకంటే ఆ ప్రయోగం జరిగినది మా మండలంలోనే. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణాన్ని మూయించారు. దూబగుంట రోశమ్మ గారి పేరు అప్పుడే రాష్ట్రమంతా తెలిసింది. తరువాత జిల్లాలో సారా వేలంపాటలు జరగనివ్వలేదు, అధికారులు పాటను మళ్లీ మళ్లీ వాయిదా వేసుకోవలసి వచ్చింది. ప్రభుత్వం తనకు ప్రధానమైన ఒక ఆదాయాన్ని పాట పెట్టడానికి వచ్చిన చోటనే జనం అడ్డుకున్నారన్న మాట. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధమయింది, 1995 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం మద్యం మొత్తాన్ని నిషేధించింది.

ఆ ఆడవాళ్లు స్వేచ్ఛావాదులు కారు. వాళ్లు అడిగినది నిషేధం, అది అమలు కావాలంటే పోలీసు కావాలి. ఆ సంగతి అలా ఉంచి ఖజానా ఏమి చేసిందో చూడండి. పోయిన రాబడికి తగినట్టు ప్రభుత్వం తన ఖర్చు తగ్గించుకోలేదు. ఆర్థిక పరిస్థితిని చూపించి 1997లో నిషేధాన్ని ఎత్తివేశారు. 2019 నుంచి చిల్లర మద్యం దుకాణాలను ప్రభుత్వ సంస్థే స్వయంగా నడిపింది, 2024 అక్టోబరు నుంచి లాటరీ తీసి ప్రైవేటువారికి ఇచ్చారు. దుకాణం ముందున్న బోర్డు మారుతూ వచ్చింది, ఖజానా ఆ ఆదాయం మీద ఆధారపడటం మాత్రం పోలేదు.

అమెరికాలోనూ ఇదే తేలింది. పన్నులు తగ్గిస్తే ఖర్చు తగ్గుతుందన్న నమ్మకాన్ని పరీక్షించిన విలియం నిస్కానెన్, స్వేచ్ఛావాద సంస్థ అయిన కేటో ఇన్‌స్టిట్యూట్‌కు ఛైర్మనై ఉండి కూడా, పన్నుల భారం తగ్గిన కాలంలో ఖర్చు పెరిగిందని చూపించారు. సేవ ఖరీదు తన జేబులోంచి పోవడం లేదనిపిస్తే జనం ఇంకా ఎక్కువ సేవ కోరుకుంటారు, మిగతాది అప్పు తెస్తారు. కాబట్టి పెన్నా ఒడ్డు గారూ, ఈ దారిని మీ ప్రసంగంలో పెట్టండి గానీ సిఫారసు మాత్రం చేయకండి. అర్జెంటీనాలో అధ్యక్షుడు మిలే 2023 డిసెంబరులో మంత్రిత్వ శాఖలను 18 నుంచి 9కి తగ్గించారు. ఆయన నేరుగా ఖర్చు మీదనే కత్తి పెట్టారు కనుక అది వేరే విషయం, ద్రవ్యోల్బణంతో విసిగిపోయిన దేశంలో తప్ప అటువంటి కత్తికి ఓట్లు పడతాయని నేను అనుకోను.

సమాధానం 4: కనిగిరి నీళ్లు

అనుమతులు లేని వ్యాపారాన్ని వెదకడానికి అమెరికా దాకా పోనక్కరలేదు. పెరూలో ఒక చిన్న కుట్టు కార్ఖానాను చట్టప్రకారం నమోదు చేయించడానికి 289 రోజులు పట్టిందని హెర్నాండో డి సోటో బృందం 1980లలో పరీక్షించి చూపింది. అటువంటి చోట జనం చట్టం బయట బతకడం తిరుగుబాటు కాదు, గత్యంతరం లేకపోవడం. మహారాష్ట్రలో 2019లో రైతులు అనుమతి లేని, కలుపు మందును తట్టుకునే పత్తిని బహిరంగంగా విత్తినప్పుడు మాత్రం అది తెలిసి చేసిన ధిక్కారమే.

మా కనిగిరి వైపు తాగునీటి సంగతి చూడండి. బావి నీటిలో ఫ్లోరైడు మోతాదు మించి ఉంటుంది, దాని వల్ల పళ్లూ ఎముకలూ దెబ్బతిన్న ఊళ్లు ఇక్కడ ఎన్నో ఉన్నాయి. పథకాలు వచ్చాయి, ట్యాంకులు కట్టారు, కుళాయిలో నీళ్లు ఎప్పుడు వస్తాయో తెలియదు. ఈలోగా ఊరూరా ఆర్‌వో ప్లాంట్లు వెలిశాయి. ఇరవై లీటర్ల క్యాను ఆటోలో ఇంటి ముందుకు వస్తుంది, నీళ్లు బాగా లేకపోతే మరునాడే ఇంకొకరి దగ్గర తీసుకుంటాము. కూలివాడి ఇంట్లో కూడా తాగడానికి ఆ క్యానే ఉంటుంది. ఏ చట్టమూ చేయకుండా, ఎవరి ఉపన్యాసమూ వినకుండా వచ్చిన ప్రత్యామ్నాయం ఇది. ప్లాంటులో వడపోత పొరలు ఎప్పుడు మార్చారో అడిగే నాథుడు లేడన్న మాట నిజమే, కుళాయి నీటికి కూడా అటువంటి నాథుడు లేడు.

చిక్కు వేరే చోట ఉంది. ప్లాంటు తోడే నీళ్లు ఎవరివి? ఒక బోరు లోతుకు వెళితే పక్క బోరు ఎండుతుంది. ఆర్‌వోలో లోపలికి వెళ్లిన నీటిలో చాలా భాగం ఉప్పు నీరుగా బయటికి పోతుంది. భూగర్భజలానికి యజమాని లేడు కనుక ధర లేదు, ధర లేదు కనుక ఆదా లేదు. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం బోరుకు అనుమతి కావాలంటుంది, ఆ చట్టం వేసవిలో ఏ మాత్రం కనిపిస్తుందో మా వైపు వచ్చి చూడవచ్చు.

ఇక్కడే మార్కెట్టూ కాని, ప్రభుత్వమూ కాని ఒక ప్రయత్నం జరిగింది. ఉమ్మడి ప్రకాశంతో కలిపి ఏడు జిల్లాలలో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, రైతులే తమ బోర్లలో నీటిమట్టాన్ని కొలుచుకొని, వానను కొలుచుకొని, రబీకి ముందు ఊరంతా కూర్చొని ఎంత నీరుంది, ఏ పంటకు ఎంత కావాలి అని బడ్జెట్ వేసుకున్నారు. ఆ లెక్కను పాటించి తీరాలన్న నిబంధన లేదు, పాటించనివాడికి జరిమానా కూడా లేదు. లెక్క చూసినవాడు వరికి బదులు ఆరుతడి పంట వేసుకున్నాడు, వేసుకోనివాణ్ణి ఎవరూ ఏమీ అనలేదు. ఎలినార్ ఆస్ట్రామ్‌కు 2009లో ఆర్థికశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చినది ఇటువంటి ఏర్పాట్లను అధ్యయనం చేసినందుకే. స్వేచ్ఛావాదుల జాబితాలో దీనికి చోటు లేకపోతే ఆ జాబితానే సవరించుకోవాలని నా సూచన.

పెన్నా ఒడ్డు (నెల్లూరు)

అందరికీ కృతజ్ఞతలు. ఖజానా దారిని ఇక పక్కన పెడతాను. పద్దులు గారి కొలమానం, బ్యారన్ గారి ప్రశ్న రెండింటినీ కలిపి ఒక్క మాట అడుగుతాను. నెల్లూరు డెల్టాలో వరి కోతలు ఒక్కసారిగా వస్తాయి. కళ్లంలోనే పుట్టికి 850 కిలోల లెక్కన కొంటారు, తేమ పేరు చెప్పి, తరుగు పేరు చెప్పి పైన మరికొంత తీసుకుంటారు. ప్రభుత్వ కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదు, ఆరబెట్టుకునే చోటు అందరికీ ఉండదు. ఇటువంటి చోట మీ మ్యాక్స్ చట్టంతో ఏమైనా చేయవచ్చునా?

ఒంగోలు పద్దులు

చేయవచ్చును, ధాన్యం కొనే పని మాత్రం మొదట పెట్టుకోకండి. కొనడానికి పెట్టుబడి కావాలి. పెట్టుబడి కోసం వెళ్లిన రోజునే పాత కథ మొదలవుతుంది. సభ్యుల సొమ్ముతో ఒక కాటా, ఒక తేమ మీటరు, ఆరబెట్టే కళ్లం, వీలైతే అద్దె గోదాము, వీటితో మొదలుపెట్టండి. సంఘం కాటా మీద తూచి, తేమ రాసి ఇచ్చిన చీటీ రైతు చేతిలో ఉంటే, వ్యాపారి చెప్పిన అంకెకు పక్కన మరొక అంకె ఉంటుంది. 2007 గిడ్డంగుల చట్టం కింద నమోదైన గోదాములో నిల్వ పెడితే దాని రశీదు మీద బ్యాంకు అప్పు దొరుకుతుంది కనుక, కోత వారంలోనే అమ్మి తీరవలసిన అవసరం కొంత తగ్గుతుంది. బ్యారన్ గారు అడిగిన కొనేవాళ్ల సంఖ్య దీనివల్ల పెరగదు. రైతు ఎదురుచూడగలిగే రోజుల సంఖ్య పెరుగుతుంది, కోత కాలపు బేరంలో దానికి కూడా విలువ ఉన్నది.

నియమావళిలో ఒక షరతు తప్పక రాయించండి: ఏ ప్రభుత్వ గ్రాంటు, సబ్సిడీ తీసుకోవాలన్నా సర్వసభ్య సమావేశంలో మూడింట రెండు వంతులమంది సమ్మతించాలి, ఆ సొమ్ముకు తోడుగా వచ్చే షరతులన్నీ అదే సమావేశంలో చదివి వినిపించాలి.

కొండపి బ్యారన్

షరతు బాగుంది. తేమ మీటరు ఆలోచన ఇంకా బాగుంది. ధాన్యం మూడు నెలలు నిల్వ ఉంటుంది కనుక ఎదురుచూడవచ్చు, దానికి ఊరూరా మిల్లులున్నాయి కనుక కొనేవాళ్లు కూడా పదిమంది దొరుకుతారు. బర్లీ ఆకును కట్టలు కట్టి ఎంతకాలం నిల్వ పెట్టినా, మళ్లీ తలుపు తట్టవలసినది ఆ కంపెనీలనే. మీ సమావేశంలో వరి ఉదాహరణ ఒక్కటే చెప్పి ఊరుకోకుండా, ఏ పంటకు ఏ దారి పనికిరాదో కూడా చెప్పగలిగితే, మా వైపు నుంచి కొందరం వినడానికి వస్తాము. తేదీ తెలియజేయండి. వేలం సీజనులో అయితే ఆదివారం పెట్టుకుంటే మాకు వీలవుతుంది.